బోరా ఒళ్ళు విదిలించలేదు

నది దాటి గట్టెక్కిన గుర్రం ముందు చేసే పని ఒళ్ళు విదిలించుకోవడం. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించిందంటే పక్కన నిలబడ్డవాళ్ళకి స్నానమైపోయినట్టే. ఏ గుర్రమైనా అంతే. మా ఆయన సోత్పా గుర్రమైతే జీను దించేదాకా కూడా ఆగేది కాదు. జీనుసంచీలోని టీ, ఉప్పు, వేయించిన కొర్రలు అన్నీ నేలపాలయ్యేవి. మా ఆయన గుర్రాన్ని తిట్టేవాడు, నేను నవ్వేదాన్ని, నవ్వినందుకు నన్నూ తిట్టేవాడు.

ఉరానా గుర్రం బోరా మాత్రం విదిలించుకునేది కాదు. ఉరానా చెప్పేదాకా ఆగేది. ఎందుకు ఆగేదో ముందే చెబుతాను, లేకపోతే ఆ వసంతంలో జరిగింది మీకు అర్థం కాదు.

ఉరానా మా కారాసుగ్ లోయలో పుట్టిన పిల్ల కాదు. కనుమకి అవతల, అడవిలో దుప్పుల్ని మేపుకునే వాళ్ళ ఆడపడుచు. మా ఉమ్మడి ఫారంలో ట్రాక్టరు తోలే కుర్రాడిని చేసుకుని ఇటు వచ్చింది. వచ్చిన కొత్తలో మా వాళ్ళు ఆ పిల్ల మాట యాసని వెక్కిరించేవాళ్ళు, టీలో ఉప్పు తక్కువ వేస్తుందని వెక్కిరించేవాళ్ళు, చివరికి నడకని కూడా వెక్కిరించారు. ఆ పిల్ల తల వంచుకుని పని చేసుకునేది. తర్వాత ఓ ఏడు నది మీద మంచుగడ్డ విరిగి ట్రాక్టరుతో పాటు ఆ కుర్రాడూ పోయాడు. పోయినవాడు ఒక కూతురిని వదిలి పోయాడు, సాయ్లిక్ అని. ఆ పిల్లకి చిన్నప్పుడు జ్వరం వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి. మనిషి చురుకు, నోరు ఇంకా చురుకు, కాళ్ళే ఎండు పుల్లలు.

ఫారం విరిగిపోయి జీవాలు ఇంటింటికీ పంచినప్పుడు మగదిక్కు లేని ఇంటికి ఏం వస్తుంది? కాసిని గొర్రెలు, ఒక ఆడగుర్రం. గొర్రెలు నిలవలేదు. గుర్రం నిలిచింది. అదే బోరా. దాని రంగు మీరు చూడాల్సింది. తెల్లవారే ముందు కొండ మీద ఆకాశం ఉంటుందే, నీలం కాదు, బూడిదా కాదు, ఆ రంగు.

ఉరానా మా నాలుగు గుడారాల గొర్రెల్నీ మేపేది. బోరా ఎక్కి, కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, పొద్దున పోతే పొద్దు వాలాక వచ్చేది. మేము పాలు, పిండి, మాంసం ఇచ్చేవాళ్ళం. నడవలేని పిల్లని ఒంటరిగా గుడారంలో వదలలేదు, పిల్లని వీపున కట్టుకుని కొండెక్కి గొర్రెల వెంట పరిగెత్తలేదు. కాబట్టి ఆ ఇంటికి కాళ్ళూ బోరాయే, కూడూ బోరాయే.

ఒకసారి ఆకురాలు కాలంలో నది దాటుతుంటే, గట్టెక్కగానే బోరా ఒళ్ళు విదిలించింది. గుర్రం తప్పేముంది, దాని పుట్టుక అది. పిల్ల ఎగిరి రాళ్ళ మీద పడి నుదురు చీరుకుంది. ఉరానా గుర్రాన్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. ఆ చలికాలమంతా కూర్చుని దానికి నేర్పింది. వీపు మీద నీళ్ళు చిలకరించేది. చర్మం వణకడం మొదలవగానే అరచెయ్యి భుజం మీద వేసి, వద్దమ్మా వద్దు అని గొణిగేది. పిల్లని గుడారం ముందున్న బల్లరాయి మీదికి దించాక, జీను తీశాక, అప్పుడు చెప్పేది, "ఇక విదుల్చుకో తల్లీ" అని. అప్పుడు గుర్రం విదిలించేది, ఉరానా దాని నోట్లో ఎండబెట్టిన పెరుగుగడ్డ ముక్క పెట్టేది. మా గుడారం పక్కనే కనుక ఇదంతా నేను రోజూ చూసేదాన్ని. కొన్నాళ్ళకి అది ఎంతలా నేర్చిందంటే, వాన పడి నిలువునా తడిసినా, జీను లేకపోయినా, ఆ మాట వినబడేదాకా రాయిలా నిలబడేది.

మా ఆయన చూసి, "ఆవిడ గుర్రానికి నేర్పింది నీకు ఎవరూ నేర్పలేదు, చెప్పేదాకా నోరు విప్పకుండా ఉండటం" అన్నాడు. పోనీలెండి, ఆయన సంగతి ఎప్పుడూ అంతే.

తర్వాత ఆ పాడు చలికాలం వచ్చింది. మంచు పడింది, కరిగింది, మళ్ళీ గడ్డకట్టింది. గడ్డి మీద ఇనుప మూత వేసినట్టయింది. గిట్టలతో తవ్వి తవ్వి జీవాల కాళ్ళు రక్తాలు కారాయి. గొర్రెలు ఒకదాని బొచ్చు ఒకటి తిన్నాయి. జడలబర్రెలు నిలబడే చచ్చిపోయాయి. ఎక్కువ చెప్పను, చెబితే ఈ పూట నాకు అన్నం సయించదు. వసంతం వచ్చేసరికి లోయలో జీవం సగానికి సగం లేదు. మిగిలినవాటికి పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టొచ్చు. మా నవ్వులు కూడా ఆ చలికాలంలోనే పోయాయనుకుంటాను.

అప్పుడే పెద్దలంతా దెంబిరెల్ తాత గుడారంలో చేరారు. ఫారం రోజుల్లో పూజా పునస్కారం అంటే జైలే కదా. అయినా దెంబిరెల్ తాత ఏ ఏడూ మానలేదు. వసంతంలో మంద బయటికి తోలేముందు ఆర్తిష్ అనే కొండపొద కొమ్మలు నిప్పుల మీద వేసి, ఆ ఘాటైన పొగలోంచి గొర్రెల్ని నడిపించేవాడు. ఎవరైనా ఆఫీసరు అడిగితే, పేలకి మందు కామ్రేడ్ అనేవాడు. పేలు లేని మంద అని ఫారం వాళ్ళు ఆయనకి ఒక చేతిగడియారం బహుమతి ఇచ్చారు. అది ఎప్పుడో ఆగిపోయింది, అయినా చచ్చేదాకా చేతికి కట్టుకునే ఉన్నాడు.

ఆ ఏడు మాత్రం దొంగచాటు వద్దు, అందరం చేరి బాహాటంగా చేద్దామన్నారు. లోయ మొత్తానికి ఒక జీవాన్ని ఆకాశానికి ఇదిక్‌గా వదలాలన్నారు. ఇదిక్ అయిన జీవాన్ని ఎక్కకూడదు, పితకకూడదు, కోయకూడదు, అమ్మకూడదు, దాని బొచ్చు కత్తిరించకూడదు. మెడలో రంగు గుడ్డలు కట్టించుకుని మందలో దాని ఇష్టానికి అది తిరుగుతుంది. అది తిరిగినన్నాళ్ళూ మంద చల్లగా ఉంటుంది. ఎవరి జీవాన్ని అడిగితే వాళ్ళకి అది గొప్ప. ఇవ్వనని అనడం మా దగ్గర లేదు.

ఏ రంగు జీవం అని అడిగితే దెంబిరెల్ తాత బయటికి వెళ్ళి చాలాసేపు పైకి చూసి వచ్చాడు. కోపం వచ్చింది ఆకాశానికి కనుక ఆకాశం రంగుదే ఇవ్వాలన్నాడు. ఆ చావుల తర్వాత ఆకాశం రంగుది లోయలో ఎన్ని మిగిలాయి? అందరి కళ్ళూ ఒకేవైపు తిరిగాయి. మా వదిన దోల్గర్, అంటే మా ఆయన అక్కగారు, ఆవిడే ముందు పైకి అనేసింది, ఉరానా గుర్రం ఉందిగా అని.

నిజానికి మా వదిన దగ్గరా ఒకటుంది. మేకపోతు. పుట్టగానే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. దాని గడ్డం అచ్చం పాత ఫారం డైరెక్టరు గడ్డంలా ఉండేదని దానికి డైరెక్టరు అనే పేరు పెట్టాం. అది వదిన మంచం మీదే, కాళ్ళ దగ్గర పడుకునేది. ఆవిడ పెనిమిటి పోయాక మంచం మీద ఆ చోటు ఖాళీగా ఉండటం ఆవిడకి పడేది కాదు. దాన్ని ఎవరైనా బూడిదరంగు మేక అంటే ఆవిడకి కోపం వచ్చేది. అది తెల్లదే, మురికి పట్టింది అనేది. కడగొచ్చుగా అంటే చలికి జబ్బు చేస్తుందనేది.

ఉరానాకి చెప్పే పని నా నెత్తిన పడింది. నేను టీకూజా పట్టుకుని వెళ్ళాను. ఆ పిల్ల పిండి కలుపుతోంది. పెద్దల మాట చెప్పాను. చేతులు ఆగలేదు, కలుపుతూనే ఉంది.

"అక్కా, ఎక్కకూడదంటే సాయ్లిక్ కూడానా?"

"ఎవరైనా అంతేనంటమ్మా."

పిండి మీద ఇంకొంచెం నీళ్ళు చిలకరించింది. తర్వాత అంది, "నేను కాదంటే ఏమవుతుంది?"

 టీ పోశాను. ఆ పిల్లే మళ్ళీ అంది, "అనను లేక్కా. నేను ఇక్కడి దాన్ని కాదని అందరికీ గుర్తుంది. మళ్ళీ గుర్తు చెయ్యడం ఎందుకు."

సాయ్లిక్ పక్కలో కూర్చుని వింటోంది. 

ఇంటికొచ్చి మా ఆయనతో, మన గుర్రాన్ని రోజు మార్చి రోజు ఆ పిల్లకి ఇద్దామన్నాను. మాకు మిగిలింది ఒక్కటే గుర్రం, అదీ ఎముకల గూడు. కట్టెలు ఎవరు మోస్తారన్నాడు. నేను మోస్తానన్నాను. నిన్నెవరు మోస్తారన్నాడు. చెడ్డవాడు కాదు మా ఆయన. ఆ ఏడు లోయలో ఎవరికీ ఇంకొకరికి ఇచ్చేంత లేదు, అంతే.

పూజ రోజు పొద్దున్నే అందరం ఊట దగ్గరికి చేరాం. ఊటకి ఇటూ అటూ రెండు చోట్ల పిడకల నిప్పు చేసి, పైన ఆర్తిష్ పరిచారు. పొగ తెల్లగా, బరువుగా నేల మీదే పాకింది. ఒక్కో ఇంటివాళ్ళూ తమ జీవాల్ని తెచ్చారు. తొమ్మిది గుంటల చెక్కగరిటెతో దెంబిరెల్ తాత నాలుగు దిక్కులకీ పాలు చిమ్మాడు. జడలబర్రెల కొమ్ములకి వెన్న రాశాం. కుక్కల నుదుటికీ రాశాం. మా కుక్క మొయ్నాక్ తన నుదుటిది అందక పక్క కుక్క నుదుటి వెన్న నాకింది, రెండూ కొట్టుకున్నాయి. ఒకావిడ పిల్లిని కోటులో దాచి తెచ్చింది. పిల్లికి కూడానా అని మగవాళ్ళు నవ్వబోయారు. ఎలుకలు పిండి తినకుండా ఈ చలికాలమంతా మా ఇంటిని నిలబెట్టింది ఇదే, మీ జడలబర్రెలు కాదు అంది. తాత దానికీ పొగ చూపించాడు. పొగ తగలగానే అది ఆవిడ భుజమెక్కి, జడ మీదుగా దిగి, కొండ మీదికి పోయింది. సాయంత్రం దాకా రాలేదు.

మా వదిన అన్ని జీవాల్నీ తెచ్చింది, డైరెక్టర్ని తప్ప. వాడేడి అని అడిగాను. దగ్గుతున్నాడు, ఇంట్లో కట్టేసి వచ్చానంది.

అప్పుడు బోరాని తెచ్చారు. ఉరానా తనే పట్టుకొచ్చింది. ముందు రోజే దాని జూలు దువ్వినట్టుంది, మెరిసిపోతోంది. సాయ్లిక్‌ని జనం చివర ఒక రాయి మీద కూర్చోబెట్టి నా కోటు కప్పాను. పగ్గం తాత చేతికి ఇచ్చి ఉరానా వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది.

జీవాన్ని అడగడం ఎలాగంటే, ఆర్తిష్ వేసిన పాలు గిన్నెలో తీసుకుని తల నుంచి తోక దాకా వీపు మీద ధారగా పోస్తారు. జీవం ఒళ్ళు విదిలించిందా, ఒప్పుకున్నట్టు. లేదంటే మళ్ళీ అడుగుతారు. మూడోసారీ విదిలించకపోతే ఆకాశం మొహం తిప్పుకున్నట్టు. ఆ ఏడు ఇక ఎవర్నీ అడగకూడదు.

తాత మొదటి గిన్నె పోశాడు. ఇంకా ఊట మీద మంచు పొర ఉన్న పొద్దు అది, పాలూ చల్లగా ఉన్నాయి. బోరా చర్మం మెడ దగ్గర వణికింది. చెవులు వెనక్కి తిప్పింది. జనంలో వెతికి ఉరానా వైపు చూసింది. రాయిలా నిలబడింది.

నాకు అప్పుడు తట్టింది. అంతవరకూ తట్టలేదు, నమ్మండి. ఉరానా వైపు చూశాను. ఆ పిల్లకీ అప్పుడే తట్టినట్టుంది, ముఖం తెల్లగా అయిపోయింది.

తాత రెండో గిన్నె పోశాడు. పాలు కడుపు కిందికి కారి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. బోరా కదలలేదు.  మా పక్క గుడారంలో మంద మొత్తం పోగొట్టుకున్నావిడ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. మా వదిన నా చెవిలో, కానీ అందరికీ వినబడేలా అంది, "మొగుణ్ణి మింగినదాని సొమ్ము ఆకాశానికి కూడా వద్దేమోనే." నేను ఆవిడ చెయ్యి గిల్లాను. గట్టిగానే గిల్లాను, వారం పాటు ఆ మచ్చ ఉంది.

నా మనసులో ఏముందో చెప్పనా? మాట్లాడకే పిల్లా, మాట్లాడకు, ఒక్క గిన్నె ఆగితే నీ గుర్రం నీదే అని. దేవుడికి లేనిపోని మాట చెప్పినట్టు కూడా కాదు, ఊరికే నిలబడితే చాలు. నేనైతే నిలబడేదాన్ని.

ఉరానా చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. తర్వాత ముందుకి నడిచింది.

"తాతా, మూడో గిన్నె పొయ్యకండి. అది విదిలించదు. ఆకాశం వద్దనలేదు. నేనే దానికి అలా నేర్పాను."

ఎందుకు నేర్పిందో, పిల్ల పడటం, అరచెయ్యి వెయ్యడం, పెరుగుముక్క, అన్నీ గడగడా చెప్పేసింది. వచ్చిన ఇన్నేళ్ళలో మా వాళ్ళెవరూ ఆ పిల్ల నోటి నుంచి అన్ని మాటలు విని ఉండరు. చివర్న గొంతు తగ్గించి అంది, "నేను చెబితే విదిలిస్తుంది. చెప్పమంటే చెబుతాను."

జనం ఊపిరి వదిలారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఆకాశం మొహం తిప్పుకోలేదన్నమాట.

"మరింకేం, చెప్పు" అంది మా వదిన.

ఉరానా నోరు తెరిచింది. దెంబిరెల్ తాత చెయ్యి ఎత్తి ఆపాడు. నింపిన మూడో గిన్నె రాతి మీద పెట్టాడు. ఆగిపోయిన గడియారాన్ని గోటితో కొడుతూ కాసేపు ఆలోచించాడు. తీరని చిక్కు వచ్చినప్పుడల్లా ఆయన అలవాటు అది.

"నువ్వు చెబితే అది విదిలించిందనుకో తల్లీ. ఒప్పుకున్నది ఎవరు? నువ్వా, అదా?"

ఉరానా బోరా వైపు చూసింది.

"నువ్వు ఒప్పుకున్నావు, నాకు తెలుసు. జూలు దువ్వి మరీ తెచ్చావు. కానీ మనం అడుగుతోంది నిన్ను కాదు."

మా ఆయన అందుకున్నాడు, అది నోరులేని జీవం, నేర్చిన బుద్ధి తప్పదు, ఇక దాన్ని ఎలా అడుగుతామని. తాత జవాబు చెప్పకుండా, పగ్గం తియ్యమన్నాడు. మా ఆయన బోరా తల మీంచి పగ్గం తీసేశాడు. జనాన్ని పక్కకి జరగమన్నాడు తాత. ఎదురుగా దారి ఖాళీ అయింది. అవతల నది పక్కన అప్పుడే మొలిచిన పచ్చిక, దాని మీద లోయలో మిగిలిన గుర్రాలన్నీ ఉన్నాయి. ఎటు పోతే ఏమర్థమో తాత చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

బోరా ముందు నేల మీద ఒలికిన పాలు వాసన చూసింది. తల ఎత్తి గుర్రాల వైపు చూసింది. ఒక గుర్రం సకిలిస్తే ఇదీ సకిలించింది. తర్వాత వెనక్కి తిరిగి జనంలోకి నడిచింది. మేం దారి ఇచ్చాం. తిన్నగా వెళ్ళి సాయ్లిక్ కూర్చున్న రాయి పక్కన, ఎడమ పక్క పిల్లకి అందేలా అడ్డంగా నిలబడి, మెడ వంచింది. పాలు కారుతున్నాయి, చలికి ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. విదిలించలేదు.

పిల్ల అలవాటుగా జూలు పట్టుకుంది. వెంటనే గుర్తొచ్చి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో దాచుకుంది. తల్లి వైపు చూసింది. ఆ చూపు చూశాక నేను ఇంక ఎవరి వైపూ చూడలేకపోయాను.

తాత నెమ్మదిగా అక్కడికి నడిచి వెళ్ళాడు. గుర్రాన్ని చూశాడు, పిల్లని చూశాడు, రాయిని చూశాడు. ఇదిక్ మెడకి కట్టడానికి తెచ్చిన నీలం గుడ్డ మడతపెట్టి కోటులో పెట్టేసుకున్నాడు.

"దీన్ని నేను కట్టలేను. ఇది ముందే కట్టేసిన ముడుపు."

"ఎవరికి కట్టారు?" అంది మా వదిన.

"నీ కళ్ళకి కనబడటం లేదా దోల్గర్? ఒకరికి కట్టిన ముడుపు విప్పి ఇంకొకరికి కట్టే పని మా నాన్న చెయ్యలేదు, నేనూ చెయ్యను. ఆకాశానికి ఇంత చిన్న సంగతి తెలియదనుకున్నారా?" తర్వాత సాయ్లిక్‌తో అన్నాడు, "పట్టుకో అమ్మా. జూలు పట్టుకో. చలికి వణుకుతోంది, నీ చేతి వెచ్చదనం తగలనియ్యి."

పిల్ల రెండు చేతులతో దాని మెడ పట్టుకుని మొహం అందులో దాచేసుకుంది. ఉరానా ఉన్నచోటే కూలబడింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చలిగా లేదూ అన్నాను. అవునక్కా అంది.

మరి ఇదిక్ మాటేమిటని మా ఆయన అడిగాడు. మూడో గిన్నె పొయ్యలేదు కనుక అడగడం ఇంకా ముగియలేదన్నాడు తాత. ఆకాశం రంగుది ఇంకొకటి ఉంటే తెమ్మన్నాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా వదిన తన కాళ్ళ వైపు చూసుకుంది.

ఇప్పుడు చెబితే కట్టుకథ అంటారు, కానీ ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు, పోయి అడగండి. గుడారాల వైపు నుంచి కుక్కల మొరుగుడు వినబడింది. చూస్తే డైరెక్టరు. మెడకి ఎర్ర తాడు, కొస నమిలి తెంపేసింది. వెనక కుక్కలు తరుముతుంటే, ఫారం తనిఖీకి వచ్చిన ఆఫీసరులా గడ్డం పైకెత్తి నడిచి వచ్చింది. పొగ దాటింది, పెద్దల్ని దాటింది, రాతి మీదున్న మూడో గిన్నెలో గడ్డం ముంచి తాగడం మొదలుపెట్టింది.

"అది నీలం కాదు తాతా" అంది మా వదిన, ఎవరూ అడగకుండానే. "తెల్లది. మురికి. నేనే కడగలేదు."

"అలాగా" అన్నాడు తాత. గిన్నె లాక్కుని, మిగిలిన పాలు దాని తల నుంచి వీపు మీదికి పోశాడు. పాలు పారినచోట మురికి కరిగి చార పడింది. చార కింద, తెల్లవారే ముందు కొండ మీది ఆకాశం. ఆ చార అందరం చూశాం. పాలు తోక దాకా చేరనే లేదు, డైరెక్టరు ఒక్క విదిలింపు విదిలించింది. తాత గడ్డం, గడియారం, మా ఆయన కొత్త టోపీ, అన్నీ పాలమయం.

ముందు సాయ్లిక్ నవ్వింది. తర్వాత పిల్లి పోయిన ఆవిడ. తర్వాత అందరం. మంద మొత్తం పోగొట్టుకున్నావిడ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ చలికాలం తర్వాత మా లోయలో అదే మొదటి నవ్వు.

మా వదిన మాత్రం నవ్వలేదు. మేకని పట్టుకుని నిలబడింది. చలికాలంలో జడలబర్రెలు పోయినప్పుడు ఏడవని మనిషి, పెదవి వణుకుతోంది. అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపం నాకు అక్కడే పోయింది.

"తాతా, ఒక్క మాట. ఇదిక్ అయితే ఇంక నా మంచం మీద పడుకోకూడదా?"

తాత గడియారం తుడుచుకుంటూ అన్నాడు, "ఎక్కకూడదన్నారు, కోయకూడదన్నారు, అమ్మకూడదన్నారు. పడుకోకూడదని మా పెద్దలెవరూ చెప్పలేదు. దానికి ఇష్టమైతే నీ మంచం మీదే పడుకుంటుంది. నిన్ను కింద పడుకోమన్నా నువ్వు పడుకోవాల్సిందే."

దాని మెడకి నీలం, తెలుపు, పసుపు గుడ్డలు కట్టారు. కట్టేలోపే పసుపుది నమిలేసింది. తాత చేతులెత్తి దీవించాడు.

"కొమ్మున్నవి కొమ్ముతో తిరిగి రావాలి, జూలున్నవి జూలుతో తిరిగి రావాలి. ఒంటిగా వెళ్ళింది జంటగా రావాలి. గడ్డి మీద మూత పడకూడదు, గడప మీద మన్ను పడకూడదు. కాపలా కాసేదానికి కన్ను మూతపడకూడదు, పాలిచ్చేదానికి రొమ్ము ఎండకూడదు. మోసేదాన్ని మేం మరవకూడదు."

చివరి మాట దీవెనలో ఉందో, ఆ రోజే ఆయన కలిపాడో నాకు తెలియదు. తర్వాత ప్రతి ఏడూ మాత్రం అన్నాడు. జీవాలన్నీ రెండు పొగల మధ్య నడిచాయి. ముందు డైరెక్టరు. చివర్న బోరా, పైన సాయ్లిక్ నా కోటులో.

ఆ మేక సంగతి ఏం చెప్పమంటారు. అచ్చోసిన ఆంబోతు అయింది. ఆరేసిన బట్టలు నమిలేది, పిండి మూటలు చించేది, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషి బూటు తినేసింది. ఎవరు కొడతారు? ఇదిక్‌ని కొడితే పాపం కదా. మా వదిన వెనకే తిరుగుతూ, ఆకాశం వాడు, ఆకాశం వాడు అని అందరికీ చెప్పుకునేది. అది నీలం మేక కాదని ఎవరైనా అంటే ఇప్పుడు ఆవిడకి కోపం వచ్చేది.

కానీ నేను చెప్పాలనుకున్నది మేక గురించి కాదు. ఆ రోజు సాయంత్రం జరిగినది ఒకటుంది.

పొద్దు కొండ మీద ఉండగానే ఉరానా గొర్రెల్ని తోలుకొచ్చింది. పూజ రోజైనా గొర్రెలకి ఆకలి ఆగదు కదా. నేను పిడకల గంప పట్టుకుని వాళ్ళ గుడారం పక్క నుంచి వస్తున్నాను. మా వదినా అక్కడే ఉంది. చేతిలో మీగడ గిన్నె, దాని మీద మూత. ఎందుకొచ్చావని ఉరానా అడగలేదు, ఎందుకొచ్చానో ఆవిడ చెప్పలేదు. మీగడ మాత్రం బల్లరాయి మీద పెట్టి, పుల్లగా అయిపోతోంది, పారేసే బదులు తెచ్చానంది. మా వదిన చేతి మీగడ పుల్లబడటం నేను నా జన్మలో చూడలేదు.

ఉరానా కూతుర్ని రాయి మీదికి దించింది. జీను తీసింది. పొద్దున పోసిన పాలు బోరా వీపు మీద ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఆర్తిష్ ఆకులు జూలులో చిక్కుకుని ఉన్నాయి. రోజంతా ఆ దురద ఎలా ఓర్చుకుందో. దాని మెడ నిమిరి ఉరానా అంది, "ఇక విదుల్చుకో తల్లీ."

మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా విదిలించింది చూడండి, ఎండిన పాలు, ఆకులు, దుమ్ము మా ఇద్దరి మీదా కురిశాయి. మా వదిన మొహమంతా తెల్లటి పొడి. తుడుచుకుంటూ గుర్రంతో గొణిగింది.

"ఇప్పుడు ఒప్పుకుని ఏం లాభమే నీకు? ఆ చోటు మావాడికి ఇచ్చేశారు."

ఉరానా పకపకా నవ్వింది. ఆ పిల్లకి అంత పెద్ద నవ్వు ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. బోరా తల తిప్పి, పెరుగుముక్క కోసం ఉరానా జేబు వెతుకుతోంది.